కారుతున్న స్టీరింగు పెట్టె – కందెన చరిత్రలో ఒక చిన్న అధ్యాయం

పాత జీపు నిలిపి ఉంచిన చోట నేల మీద ఒక నల్లని మరక ఉంటుంది. అది ఇంజను కిందా ఉండదు, గేరు పెట్టె కిందా ఉండదు. డ్రైవరు వైపు ముందు చక్రానికి కాస్త లోపలగా ఉంటుంది. వంగి చూస్తే ఛాసిస్ పట్టీకి బిగించిన ఒక పోత ఇనుప పెట్టె, దాని పక్కనుండి బయటికి వచ్చిన ఇరుసు, ఆ ఇరుసు కొసకు వేలాడే ఉక్కు చేయి, దాని మొదట్లో మట్టితో కలిసి ముద్దకట్టిన జిడ్డు కనబడతాయి. అదే స్టీరింగు పెట్టె. మా కంబదూరు చుట్టుపక్కల నేను చూసిన పాత జీపులలో ఈ పెట్టె కారనివి ఒకటో రెండో ఉన్నాయి. వాటి సంగతి తరువాత మనవి చేస్తాను, ఎందుకంటే అసలు భయపడవలసినది వాటిని చూసే.

చరిత్ర అనగానే మనకు శాసనాలు, రాజవంశాలు, కోటలు గుర్తుకు వస్తాయి. కంబదూరులోనే ఉన్న మల్లికార్జునుని ప్రాచీనాలయం గురించి, దాని శిల్పం గురించి రాసిన పండితులున్నారు. కాని ఆ ఊరి దారుల మీద యాభై ఏళ్ళకు పైగా తిరిగిన వాహనం గురించి, దానిని నడిపి బాగుచేసినవారి గురించి రాసినవారు అరుదు. ఒక చమురు మరకను పట్టుకొని వెనక్కి నడిస్తే ఎంత దూరం పోగలమో చూద్దామనే ఈ వ్యాసం.

యంత్రాలు రాకముందే మనకు కందెన తెలుసు. ఎద్దుల బండి ఇరుసుకూ చక్రపు నాభికీ మధ్య రాపిడి తగ్గడానికి ఆముదంలో కాల్చిన గడ్డి మసిని కలిపి పూసేవారు. దూరం పోయే బండి కింద కందెన గొట్టం ఒకటి వేలాడుతూ ఉండేది. కందెన కారిపోకుండా ఆపే సాధనం బండికి లేదు. కావాలని ఎవరూ కోరలేదు కూడా. అది కారుతుంది, ఎండుతుంది, దుమ్ము పట్టి గట్టిపడుతుంది. బండివాడు కడశీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, పాతది తుడిచి కొత్తది పూస్తాడు. మరిచిపోతే చక్రమే కీచుమని ఊరంతా చాటుతుంది. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కందెన నిలవడం ఇరుసు బాధ్యత కాదు, మనిషి బాధ్యత. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కిన కథ సులువుగా బోధపడుతుంది.

ఇక బండిని తిప్పే విద్య. 1817లో మ్యూనిక్ నగరంలో లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల నిర్మాత ముందు ఇరుసు మొత్తాన్ని తిప్పకుండా, రెండు ముందు చక్రాలూ వేటికవి తమ మొలల మీద తిరిగే పద్ధతిని కనిపెట్టాడు. మరుసటి ఏడు లండనులో దానికి పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మాన్. పేరు మాత్రం ఆయనకే మిగిలింది. నేటికీ ఇంజనీరింగు విద్యార్థులు దానిని ఆకర్‌మాన్ పద్ధతి అనే చదువుకుంటున్నారు. తొలి మోటారు బండ్లను పడవ చుక్కాని వంటి ఒక కర్రతో తిప్పేవారు. 1894లో పారిస్ నుండి రువాన్‌కు జరిగిన పందెంలో ఆల్ఫ్రెడ్ వషరాన్ అనే ఫ్రెంచివాడు తన పానార్ బండికి కర్రకు బదులు చక్రం బిగించి నడిపాడు. కర్ర పోయి చక్రం రావడానికి అది నాంది.

బండి బరువు, వేగం పెరిగేకొద్దీ రెండు చిక్కులు వచ్చాయి. చక్రాలను తిప్పడానికి చేతి బలం చాలకపోవడం ఒకటి. గుంటలో, రాతి మీద ముందు చక్రానికి తగిలిన దెబ్బ నేరుగా డ్రైవరు మణికట్టుకు చేరడం రెండవది. రెంటికీ మందు ఒక్కటే: మధ్యలో మరచుట్టు పెట్టడం. మరను తిప్పితే దానిని పట్టుకున్న భాగం కదులుతుంది. కాని ఆ భాగాన్ని నెడితే మర అంత తేలికగా తిరగదు. డ్రైవరు బలం కిందికి పోతుంది, దారి దెబ్బ పైకి రాదు. ఈ మరచుట్టు రాపిడి మీద బతికేది కనుక దానిని నూనెలో ముంచి ఉంచాలి. అలా పుట్టింది స్టీరింగు పెట్టె.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, లఫయెట్ పట్టణంలో, 1906లో డేవిడ్ రాస్ (1871–1943) అనే ఆయన రాస్ గేర్ అండ్ టూల్ కంపెనీని స్థాపించాడు. పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలోని రాస్–ఏడ్ స్టేడియం పేరులో ఉన్న రాస్ ఈయనే. మన జీపులోని పెట్టె ఈ కంపెనీ పద్ధతే. స్టీరింగు కడ్డీ అడుగు కొసన మెలి తిరిగిన గాడి ఉన్న ఉక్కు దిమ్మ ఒకటి ఉంటుంది. దానిని కామ్ అంటారు. ఆ గాడిలో ఒక లీవరుకు ఉన్న రెండు మొనదేరిన మేకులు ఇమిడి ఉంటాయి. స్టీరింగు తిప్పితే గాడి మేకులను ముందుకో వెనక్కో తోస్తుంది. లీవరు ఇరుసు తిరుగుతుంది. బయట దానికి బిగించిన డ్రాప్ ఆర్మ్ ఊగుతుంది. అక్కడి నుండి డ్రాగ్ లింకు, టై రాడ్లు, చక్రాలు. గాడి మెలిక అంతటా ఒకేలా ఉండదు. యుద్ధకాలపు జీపులో దాని నిష్పత్తి మధ్యలో 12కు 1, రెండు కొసలలో 14కు 1. తిన్నగా పోయేటప్పుడు చురుకు, పూర్తిగా తిప్పేటప్పుడు తేలిక – రెండూ ఒక గాడిలోనే చెక్కిపెట్టారు.

మరి నూనె ఎందుకు కారుతుంది? లీవరు ఇరుసు పెట్టె గోడను చీల్చుకొని బయటికి రావాలి, పైగా అటూ ఇటూ తిరుగుతూ ఉండాలి. పెట్టెలో నూనెమట్టం ఆ ఇరుసుకు పైనే ఉంటుంది. అంటే ఆ సందు ఎప్పుడూ నూనెలో మునిగే ఉంటుంది. ఆ సందును మూయడానికి ఆ కాలపు వాహన నిర్మాతలకు చేతిలో ఉన్నవి ఉన్ని నొక్కి చేసిన ఫెల్టు, కార్కు, తోలు. తిరిగే ఇరుసును పెదవిలా అంటిపెట్టుకొని నూనెను ఆపే సీలు చరిత్రలో జర్మనీలోని ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థకు పెద్ద పేరుంది. అది మొదట తోళ్ళు పదును చేసే సంస్థ. 1929లో తోలు పెదవితో, 1936లో కృత్రిమ రబ్బరుతో సీళ్ళు తయారు చేసింది. తోళ్ళు పదును చేసేవారి నుండి మోటారు సీలు రావడం మనకు వింత కాకూడదు. కపిల బావులలో నీరు తోడిన తోలు సంచి కూడా అంతే కదా. నూనె పట్టించి మెత్తగా ఉంచినంతకాలం నీరు నిలుపుతుంది, ఎండబెడితే బీటలు వారి కారుతుంది.

కనుక స్టీరింగు పెట్టెను రూపొందించినవారికి అది కొద్దికొద్దిగా కారుతుందని తెలుసు. అందుకే పెట్టె మీద మరబిరడా ఒకటి పెట్టి, నిర్ణీత మైళ్ళకు ఒకసారి విప్పి చూసి తగ్గినంత నూనె పోయమని పుస్తకంలో రాశారు. ఎద్దుల బండి ఒప్పందమే ఇది. యంత్రం కొంత కారుతుంది, మనిషి కొంత పోస్తాడు.

జీపు కథ అందరికీ కొంత తెలిసినదే. 1940 సెప్టెంబరులో బాంటమ్ అనే చిన్న కంపెనీ అమెరికా సైన్యానికి తొలి నమూనా ఇచ్చింది. 1941 నుండి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. విల్లీస్ ఇంజనీర్లలో ముఖ్యుడు బార్నీ రూస్. పైన చెప్పిన రాస్ వేరు, ఈ రూస్ వేరు. యుద్ధకాలంలో అమెరికాలో భారత ప్రభుత్వ సరఫరా వ్యవహారాలు చూసిన కె. సి. మహీంద్రాకు ఈ రూస్‌తో పరిచయమైంది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో సంస్థ ఏర్పడింది. దేశవిభజనతో భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాను తొలి ఆర్థికమంత్రిగా వెళ్ళిపోగా, 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. విడిభాగాలుగా ఓడలో వచ్చిన జీపులను బొంబాయిలో బిగించడంతో మొదలై, క్రమంగా ఇక్కడే తయారు చేసేదాకా వచ్చింది. అమెరికాలో 1953 నుండి 1968 వరకు తయారైన సీజే–3బి నమూనా మన దేశంలో ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. వెనుక 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని రాసి ఉన్న జీపులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఆ జీపు మా సీమకు ప్రభుత్వపు బండిగా వచ్చింది. 1952 అక్టోబరు 2న దేశంలో 55 ప్రాంతాలలో సమాజాభివృద్ధి పథకం ప్రారంభమైంది. అది విస్తరించి ప్రతి బ్లాకుకూ ఒక అధికారి, ఆ అధికారికి ఒక జీపు అన్న రోజులు వచ్చాయి. అప్పటికి కళ్యాణదుర్గం తాలూకాకు రైలు లేదు. కంబదూరు ఆ తాలూకాలో దక్షిణాన, పావగడ సీమకు చేరువలో ఉన్న ఊరు. జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఊగిసలాడేది. ఎర్రనేల, గులకరాయి, వేరుశనగ, ఎండిన వంకలు. వంక దాటి ఊరు చేరగలిగేవి రెండే, ఎద్దుల బండి, జీపు. మలేరియా మందు చల్లేవారు, మశూచికి టీకాలు వేసేవారు, కరువు పనులు చూసేవారు, శిస్తు అడిగేవారు, కుటుంబ నియంత్రణవారు, పోలీసులు అందరూ దానిలోనే వచ్చారు. 'జీపు వచ్చింది' అంటే ఊరికి ప్రభుత్వం వచ్చిందని అర్థం. మంచికో చెడుకో దిగేవరకు తెలిసేది కాదు.

ఈ జీపులకు డ్రైవరు ఉండేవాడు, లాగ్‌బుక్కు ఉండేది. తెల్లవారి బండి తీయకముందే నీళ్ళు, నూనె, గాలి చూడడం ఆ ఉద్యోగంలో భాగం. స్టీరింగు పెట్టె బిరడా విప్పి వేలు ముంచి చూడడం కూడా అందులోదే. పెట్టె కారేది, డ్రైవరు పోసేవాడు. రాస్ కంపెనీ తలచుకున్న ఒప్పందం లఫయెట్ నుండి వేల కిలోమీటర్ల ఇవతల చక్కగా అమలు జరిగింది.

ఒప్పందం చెడినది వేలంపాటతో. పాతబడిన జీపులను ప్రభుత్వం వేలం వేసింది. రైతులు, వ్యాపారులు కొన్నారు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించారు, వెనుక బల్లలు పొడిగించారు, ఊరి నుండి సంతకు మనుషులను తోలారు. ముందు ఇరుసు మీద బరువు పెరిగింది, పెట్టెకు శ్రమ పెరిగింది. కాని లాగ్‌బుక్కు మాత్రం బండితో పాటు చేతులు మారలేదు. కారుతున్న నూనెకు ఎర్రదుమ్ము తోడై సానరాయి ముద్దలా ఇరుసును, దానిని మోసే కంచు బుష్షులను తిన్నది. బుష్షు అరిగితే ఇరుసు ఊగుతుంది, ఊగే ఇరుసు మీద సీలు నిలవదు, కారడం ఎక్కువవుతుంది. అప్పుడు దొరికిన ఉపాయం గ్రీజు. నూనె అయితే కారుతుంది, గ్రీజు అయితే కారదు కదా అని పెట్టెలో ఛాసిస్ గ్రీజు దట్టించారు. మరక మాయమైంది. యజమాని సంతోషించాడు.

మొదట చెప్పిన కారని జీపులు ఇవే. నూనెకూ గట్టి గ్రీజుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మేకు గాడిలో కదిలినప్పుడు నూనె పక్కకు జరిగి వెంటనే వెనక్కి వస్తుంది. గట్టి గ్రీజు పక్కకు జరిగి అక్కడే ఉండిపోతుంది, మెత్తటి మట్టిలో చాలు పడినట్లు. పెట్టె నిండా గ్రీజు ఉంటుంది. రాపిడి జరిగే చోట మాత్రం ఉండదు. పై బేరింగుకు అసలే చేరదు. ఎద్దుల బండి చక్రంలా ఇది కీచుమనదు కూడా.

మా చిన్నాన్న 1981లో అలా వేలంలో ఒక జీపు కొన్నాడు. 2004 వేసవిలో దాని స్టీరింగు మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రావడం లేదని కళ్యాణదుర్గంలో ఒక షెడ్డుకు తీసుకుపోతే నేనూ వెంట ఉన్నాను. ఎవరో ఎప్పుడో దట్టించిన గ్రీజు లోపల ఎండి బెల్లపు అచ్చులా ఉంది. కామ్ గాడి నడుమ వేలికి తగిలేంత పల్లం. రెండు మేకులలో ఒకదాని మొన చదునైపోయింది. రోజూ ఇరవైమంది ఎక్కే బండి అది. “చాన్నాళ్ళుగా కారడమే లేదు, బాగుందనుకున్నాం” అన్నాడు చిన్నాన్న. ఆ షెడ్డు పెద్ద మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, “నూనె కారతాండాదంటే లోపల ఉండాదనే గదప్పా. కారేది నిలిచిపాయ అంటే ఆ పొద్దు భయపడల్ల” అన్నాడు. కరువు సీమలో పుట్టిన మనిషి మాట అది. ఊట ఆగిన బావి గురించి కూడా ఆయన అదే గొంతుతో చెప్పి ఉండేవాడు.

ఆయన చేసిన మరమ్మత్తు క్రమాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను. తయారీదారుల పుస్తకంతో తరువాత పోల్చి చూశాను. మూలసూత్రాలలో తేడా లేదు. మొదట పెట్టెను బయట శుభ్రంగా కడిగి, నూనె పోసి, కొద్ది దూరం నడిపి ఎక్కడ కారుతుందో చూడాలి. పక్కమూత కాగితపు గాస్కెట్టు దగ్గరా, పై మూత షిమ్ముల దగ్గరా, లేక ఇరుసు దగ్గరా అన్నది తేలాలి. పైన కారినది కిందికి పాకి ఇరుసు మీద నింద పడటం మామూలే. ఇరుసే అయితే డ్రాప్ ఆర్మ్ పట్టుకొని పైకీ కిందికీ ఊపి చూడాలి. ఊగితే కొత్త సీలు వేయడం వ్యర్థం, ముందు బుష్షులు మార్చాలి. డ్రాప్ ఆర్మ్‌ను ఏ పంటికి ఉన్నదో గుర్తు పెట్టుకొని పుల్లరుతోనే ఊడదీయాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి మేకులకు, గాడికి తగులుతుంది. ఇరుసు మీద సీలు పెదవి ఆనే చోట గోరుకు అందే గాటు ఉంటే, లేత్ పనివాడి దగ్గర గట్టి క్రోమియం పూత వేయించి గ్రైండింగ్ చేయించాలి, లేదా పలుచని ఉక్కు తొడుగు ఎక్కించాలి. ఇవన్నీ అయ్యాకే ఫెల్టు స్థానంలో అదే కొలతకు దొరికే రబ్బరు పెదవి సీలు.

బిగింపులో అసలు ప్రమాదం ఉంది. పక్కమూత మీద ఒక మర, దానికి లాక్ నట్టు ఉంటాయి. దానిని బిగిస్తే మేకులు గాడిలోకి ఇంకా లోతుగా దిగి స్టీరింగు ప్లే తగ్గుతుంది. కామ్ గాడి కొత్తలోనే నడుమ కాస్త బిగువుగా, కొసలలో వదులుగా ఉండేలా చెక్కి ఉంటుంది. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కనుక అరుగుదల నడుమనే ఎక్కువ. అరిగిపోయిన నడుమ ప్లే పోయేదాకా మరను బిగిస్తే, అరగని కొసలలో మేకులు పట్టేస్తాయి. మలుపులో తిప్పిన స్టీరింగు తిరిగి రాదు. మా చిన్నాన్న జీపుకు పట్టిన రోగం ఇదే. గ్రీజు దాచిన అరుగుదలను ఎవరో మర బిగించి మళ్ళీ దాచారు. కనుక డ్రాగ్ లింకు విడదీసి, ముందు పై మూత షిమ్ములతో కామ్ బేరింగుల వదులు తీసి, చక్రాలు తిన్నగా ఉన్న స్థితిలోనే పక్క మరను బిగించి, ఈ కొస నుండి ఆ కొసకు చేతితో తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆ కామ్, ఆ లీవరు మార్చవలసిందే. కొంచెం ప్లే ఉన్న స్టీరింగుతో ఇల్లు చేరవచ్చు. పట్టేసే స్టీరింగుతో చేరలేము.

నూనె విషయం. పుస్తకం చెప్పేది 90 గ్రేడు గేరు ఆయిలు. మండు వేసవిలో మా వైపు 140 గ్రేడు పోసేవారూ ఉన్నారు. చిక్కన కనుక మెల్లగా కారుతుంది. వెనుక ఇరుసు గేర్ల కోసం ఘాటైన గంధకపు రసాయనాలు కలిపిన కొన్ని నూనెలు కంచు బుష్షులకు మంచివి కావు. మరీ కారే పెట్టెలకు మధ్యేమార్గం ఒకటుంది. పాత కార్ల ప్రియులు చాలా దేశాలలో పారే గ్రీజు వాడుతున్నారు. మొక్కజొన్న కోత యంత్రాల గేరు పెట్టెల కోసం అమెరికాలో చేసిన గ్రీజు వాటిలో ఒకటి. కదిలిస్తే పలచబడి పారుతుంది, నిలిపితే చిక్కబడుతుంది. చాలు పడినా మళ్ళీ పూడుకుంటుంది. మన ఆముదం–మసి కందెనకు అది దూరపు చుట్టమని నాకనిపిస్తుంది. అయితే అరిగిన బుష్షుకు అదీ మందు కాదు.

తరువాతి కథ క్లుప్తం. మన అంబాసిడరుకు అసలు ఇలాంటి పెట్టె లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుండి వచ్చిన ర్యాక్ అండ్ పినియన్ దానిది. 1964లో రాస్ కంపెనీ టి.ఆర్.డబ్ల్యూ. సంస్థలో కలిసిపోయింది. నేటి చిన్నకార్లలో దాదాపు అన్నిటికీ ర్యాక్, దానికి సాయంగా విద్యుత్ మోటారు. లోపలి గ్రీజు కారు జీవితాంతానికి సరిపోతుందని అంటారు. బిరడా లేదు కనుక చూడవలసిన మనిషీ లేడు. దానిని నేను నిందించను. రోడ్డు మీద వెళ్ళే ప్రతివాడూ తెల్లవారి పెట్టెలో వేలు ముంచి చూడాలని కోరడం న్యాయం కాదు. కాని బిరడా ఉన్న యంత్రాలు ఇంకా మన ఊళ్ళలో తిరుగుతున్నాయి, చూసే మనుషులు మాత్రం తగ్గిపోయారు.

కళ్యాణదుర్గం మేస్త్రీ ఇప్పుడు లేరు. పుస్తకంలో అంకెలున్నాయి; ఎర్రదుమ్ము గురించి, వేలం జీపుల గురించి, దాచిన అరుగుదల గురించి ఆయనకు తెలిసినదేదీ అందులో లేదు. మీ ఊళ్ళలో అటువంటి పెద్దలు ఇంకా షెడ్డులలో కూర్చొని ఉంటే, వెళ్ళి అడిగి రాసుకోండి. ఎవరి ఇంటనైనా పాత జీపు ఉండి, దాని కింద నేల పొడిగా శుభ్రంగా ఉంటే, రేపు పొద్దున బండి తీయకముందు స్టీరింగు పెట్టె బిరడా ఒకసారి విప్పి చూడండి.